కుక్కతోటామె

మొన్న మంగళవారం రాప్తాడు అవతల ఒక మందలో గొర్రెలకు నట్టల మందు తాగిస్తున్నాను. నేను పశువులను చూసే ఒక ఊరి మనిషి బండి ఆపి పలకరించాడు. వాళ్ల బర్రె ఈనిందని, మాయ సరిగ్గానే పడిందని చెప్పాడు. బండి స్టార్టు చేస్తూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు ఇంకో మాట అన్నాడు.

“కుక్కతోటామె పోయిందప్పా, ఆదివారం. కాల్చేసినాము.”

నా చేతిలోని గొర్రె విదిలించుకుని మందలో కలిసిపోయింది. ఎందుకు కాల్చారని అడిగాను. ఆ ఊళ్లో ఎవరినీ కాల్చరు. వంక గట్టున తాతముత్తాతల కాలం నుంచి అందరూ వరసగా మట్టిలోనే ఉన్నారు. తాగి బావిలో పడ్డవాడున్నాడు, తమ్ముడి చేను కాజేసినవాడున్నాడు. పెళ్లాన్ని కొట్టి చంపాడని ఊరంతా చెవులు కొరుక్కునే ఒకాయనకైతే ఏకంగా గ్రానైటు సమాధి. వీళ్లెవరూ వానకు అడ్డం కాలేదు.

“బొల్లి గదప్పా. పూడిస్తే వాన నిలిచిపోతాది. బుడ్డలు ఇత్తే టైము. నీకు తెలీనిదేముండాది,” అన్నాడు వాడు.

ఆ చివరి మాట మర్యాదకే అన్నాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. సగం వాడి మీద, సగం నా మీద. ఎందుకంటే ఈ కథంతా మొదలైంది నా నోటి నుంచే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు కొన్ని పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. ఒంటి మీద తెల్లమచ్చలు, అదే బొల్లి ఉన్నవాళ్లను పూడ్చిపెడితే ఆ శవం వానను ఆపేస్తుందట, భూమిలో ఉన్న తడినంతా తన వైపు గుంజుకుంటుందట. కరువు ముదిరితే పాతిన శవాన్ని తవ్వి తీసి మరీ కాల్చినవాళ్లున్నారు. పట్నంలో చెబితే నవ్వుతారు. సెల్‌ఫోనులో పది రోజుల వాతావరణం చూసుకునే మనుషులే పార భుజాన వేసుకుని ఆ పనికి బయలుదేరడం నేను కళ్లారా చూశాను. నాకు నవ్వు రాలేదు.

నేను డాక్టరును కాదు. పశువులకు సూదులేసేవాణ్ణి. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ డాక్టరప్పా అనే పిలిచింది. కాదు పెద్దమ్మా అని రెండుసార్లు చెప్పాను. నువ్వు ఎంతవరకు చదివావో కుక్కకు తెలుస్తుందా అని అడిగింది. ఇంక నేను ఊరుకున్నాను.

ఆమె పెళ్లి సంగతి, అయినవాళ్ల సంగతి, వాళ్లెందుకు దగ్గర లేరన్న సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. అవి రాయను. ఆ ఊరివాళ్లు ఆమె గురించి ఎత్తుకుంటే అక్కడే ఎత్తుకునేవారు, అందుకని రాయను. నేను చూసిన మనిషిని గురించి రాస్తాను. పొట్టి మనిషి. అరవై దాటినా నడుము వంగలేదు. రెండు చేతులూ మణికట్టు దాకా తెలుపు, పెదవులు తెలుపు, ఎడమ కంటి చుట్టూ ఒక తెల్లటి వలయం. నుదుట రూపాయంత కుంకుమ. మాట్లాడేటప్పుడు బొటనవేలు చూపుడువేలి మీద టక్కు టక్కున నొక్కుతూ ఉండేది. చేతిలో ఏమీ లేకపోయినా ఆ వేళ్లు బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, వలుస్తూనే ఉండేవి.

ఆ వేళ్ల గురించి చెప్పాలి. మా వైపు విత్తనపు వేరుశనగను మిషన్లో వేయరు. పప్పు చిట్లుతుంది, పైనున్న ఎర్రపొర లేస్తుంది, పొర లేచిన గింజ మొలవదు. అందుకని విత్తే ముందు ఆడవాళ్లు కూర్చుని చేత్తో వలుస్తారు. ఆ ఊళ్లో ఆమెలా వలిచేవాళ్లు లేరు. మధ్యాహ్నానికి మూటెడు కాయ ఖాళీ చేసేది, ఒక్క గింజ పొర లేచేది కాదు. అదును దగ్గరపడితే ఆమె కోసం ఇంటింటి నుంచీ మనుషులు వచ్చేవారు. ఊరి పైరంతా ఆ తెల్లచేతుల్లోంచే మొలిచింది. అదే చేతులు ఒక చెంబుతో నీళ్లిస్తే మాత్రం వాళ్లకు దాహం తీరిపోయేది. అప్పుడే తాగొచ్చినామమ్మా అనేవారు. ఏమి మనుషులో.

ఆమెకు ఇదంతా తెలుసు. తెలిసే ఒక ఆట ఆడేది. గడప తొక్కిన ప్రతివాడికీ గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చేది. ఇచ్చి, ఎదురుగా కూర్చుని, వాడి గొంతు వైపు చూసేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ ఇచ్చింది. గ్లాసు అందుకున్నాను. అబద్ధమెందుకు, ఒక క్షణం ఆగాను. తర్వాత గటగటా తాగేశాను. ఆమె పక్కనున్న కుక్కతో అంది, నాతో కాదు.

“చూసినావా కరియా, ఈయప్ప రెండు గుటకల సేపు ఆలోచన చేసినాడు. పర్వాల్యా. మన ఊరోళ్లు ఇరవై ఏండ్ల నుంచి ఆలోచన చేస్తానే ఉండారు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నవ్వి ఇంకో గ్లాసు పోసింది.

కరియా అంటే ఆ కుక్క. బొగ్గులా నల్లటి నాటుకుక్క, తోక కొస కూడా నలుపే. ఆమె ఎవరిని తిట్టాలన్నా దానితోనే చెప్పేది. మనిషి ఎదురుగా ఉన్నా సరే, కుక్క వైపు తిరిగి, ఈయప్పకు బుద్ధి ఎప్పుడొస్తాదో అడుగు కరియా అనేది. అది తల వంచి వినేది. దానికి బుడ్డలంటే ప్రాణం. ఆమె వలుస్తుంటే పక్కన కూర్చుని, పొర లేచిన గింజ పడుతుందేమోనని ఎదురు చూసేది. ఆమె చేతిలో పొర లేవదు కదా, దాని కోసమని కావాలని ఒకటి రెండు నలిపి వేసేది. చేసే పనిలో ఆమె తప్పు చేయడం నేను చూసింది అదొక్కటే.

పిల్లలు ఆమె చేతుల వైపు గుడ్లప్పగించి చూస్తే కసురుకునేది కాదు. దగ్గరికి పిలిచి చేతులు చాపి చూపించేది. మీదికి చూస్తే మోడాలు లేవు గదరా, నా చేతుల మీదన్నా ఉండనీండి అనేది. మోడాలంటే మబ్బులు. పిల్లలు నవ్వేవారు. పెద్దవాళ్లు నవ్వేవారు కాదు, పిల్లల రెక్క పట్టుకుని లాక్కుపోయేవారు.

ఇంత నోరున్న మనిషి భయపడగా ఒక్కసారి చూశాను. నాలుగేళ్ల కిందట, ఊరి మధ్య టీకొట్టు దగ్గర నేనొక ఎద్దును చూస్తుంటే, కుక్కను తాడుతో పట్టుకుని గబగబా వచ్చింది. కరియా ముక్కు కొస తెల్లబడింది. పెదవి అంచులు తెల్లబడ్డాయి. కళ్ల చుట్టూ వెంట్రుకలు పాలిపోతున్నాయి. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

“నాది దానికి అంటుకున్న్యాదా డాక్టరప్పా? దాన్ని పక్కలో పండబెట్టుకుంటాను. నా వల్లనే వచ్చిందా?”

ఆమె కళ్లల్లో నీళ్లు. నాకు జవాబు తెలుసు, తెలిసిందన్న గర్వమూ ఉంది. అంటుకునేది కాదు పెద్దమ్మా అని గట్టిగా చెప్పాను. మనుషులకు వచ్చినట్టే కుక్కలకూ గుర్రాలకూ వస్తుంది, మనుషులకొచ్చే బొల్లే అది, నొప్పి లేదు, చావు లేదు, రంగు పోవడమే తప్ప ఇంకేమీ లేదు అన్నాను. టీకొట్టు దగ్గర పది మంది ఉన్నారు. వాళ్లూ వినాలనే గొంతు పెంచాను. ఆమె మీద ఉన్న అనుమానం కూడా దీంతో పోతుందని లెక్కేశాను. నా తెలివికి నా చెప్పుతో నన్ను కొట్టాలి. వాళ్లు విన్నారు. అయితే పది మాటల్లో ఒకటే విన్నారు, బొల్లి అన్నది. మిగిలిన తొమ్మిదీ టీగ్లాసులు కడిగిన నీళ్లతో పాటు రోడ్డు మీద పారబోశారు.

మరుసటి ఏడు కరియా చచ్చిపోయింది. ముసలిదైంది, కిడ్నీలు పాడయ్యాయి. మూడు రోజులు సెలైన్ ఎక్కించాను, ఆమె ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. పోయాక ఆమె పెద్దగా ఏడవలేదు. పాత చీర ఒకటి చింపి చుట్టి, పసుపు రాసి, తన చేను మూలన పూడ్చిపెట్టింది. నక్కలు తవ్వకుండా లోతుగా తీసి, ఉప్పు వేసి, పైన రాళ్లు పేర్చమని నేనే చెప్పాను. అన్నీ చెప్పినట్టే చేసింది.

తర్వాత అక్కడ తోట వేసింది. తోట అంటే ఏదో ఊహించుకోవద్దు. మంచం వేసేంత జాగా రెండింతలు చేస్తే ఎంతో అంత. గరుసు నేల. గునపం దింపితే నిప్పురవ్వలు వస్తాయి. ఆ నేలలో బిళ్లగన్నేరు, కనకాంబరం, బంతి, తలాపున ఒక వేపమొక్క. వేప ఎందుకంటే, కరియా ఎండకు ఓర్చుకోలేడని. చుట్టూ రాళ్లకు సున్నం కొట్టింది. రాళ్ల లోపల వరసగా బుడ్డలు విత్తింది. అవి ఎన్నడూ పెరికింది లేదు. అవి వాడివి అనేది.

నీళ్లెక్కడివి అని నేనూ అడిగాను. ఊరికి ట్యాంకరు వస్తే మనిషికి నాలుగు బిందెలు. ఆమె పెద్ద తొట్టి మధ్యలో రాయి వేసుకుని, దాని మీద కూర్చుని స్నానం చేసేది. ఆ నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు బిందెకెత్తుకుని మైలు దూరం నడిచి పోసేది. ఎండాకాలంలో పోసినవి పోసినట్టే ఆవిరైపోతుంటే నా దగ్గర ఖాళీ సెలైన్ సీసాలు అడిగింది. ఇచ్చాను. ప్రతి మొక్క పక్కనా కర్ర పాతి, సీసా తలకిందులుగా కట్టి, గొట్టం మొదట్లో పెట్టింది. చుక్క చుక్కా పడేది. గుట్ట మీద గాలిమరలు, కింద ఎర్రటి బీళ్లు, మధ్యలో ఆసుపత్రి వార్డులా ఆ మొక్కలు. రోడ్డున పోయేవాళ్లు బండ్లు ఆపి, కుక్కకు తోట చూడరా అని నవ్వుకుని పోయేవారు. అప్పటి నుంచే ఆమె కుక్కతోటామె అయింది. అంతకు ముందు ఆమెను ఏమని పిలిచేవారో ఇక్కడ రాసే మాట కాదు.

వేపమొక్కకు ఎడమ పక్క కొంత జాగా ఆమె ఏమీ వేయకుండా వదిలిపెట్టింది. ఒక రోజు నేను సీసాలు ఇవ్వడానికి వెళ్తే అక్కడ వెల్లకిలా పడుకుని ఉంది. పరుగెత్తాను. లేచి కూర్చుని చీర దులుపుకుంది. కొలుచుకుంటున్నానని చెప్పింది.

“అయిదడుగులు సాలు నాకు. నేను పోతే ఈడ్నే పెట్టమని నువ్వు ఒక మాట చెప్పల్ల డాక్టరప్పా. మా ఊరోళ్లు నువ్వు చెప్తే ఇంటారు. పశువులు నీ చేతిలో ఉండాయి గదా.”

సరే పెద్దమ్మా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. బతికినన్నాళ్లూ ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఊరిని గ్లాసు మజ్జిగ తాగమని అడిగింది, తాగలేదు. చచ్చాక అయిదడుగుల నేల, అదీ తన చేనులోనే, అడిగింది.

రెండేళ్ల కిందటి కరువు మా వైపువాళ్లు ఎవరూ మరిచిపోరు. జూన్లో ఒక వాన పడింది, నమ్మించి అందరితో విత్తనం వేయించింది, మళ్లీ కనబడలేదు. వేరుశనగకు కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయానికి నేల పెంకులా గట్టిపడింది. ఊడ దిగడానికి చోటు లేదు. గుడిలో నూటొక్క బిందెల నీళ్లు పోశారు. కప్పను రోకలికి కట్టి ఊరేగించారు. భజనలు చేశారు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదని మా పెద్దలే అన్నారు. ఆ మాట మీద నిలబడి ఉంటే సరిపోయేది. వీళ్లు అంజనం వేసేవాడి దగ్గరికి పోయారు. ఊరికి తూర్పున బొల్లి శవం ఒకటి భూమిలో ఉందని వాడు చెప్పాడు. ఊరంతా కూర్చుని గుర్తు చేసుకున్నారు. ఈ మధ్య అలా పోయిన మనిషి ఎవరూ తగల్లేదు. అప్పుడు ఎవడికో టీకొట్టు దగ్గర నేను చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇంకొకడు దానికి సాక్ష్యం తెచ్చాడు. చుట్టూ చేలన్నీ మాడిపోతుంటే ఆ కుక్క గుంత ఒక్కటే పచ్చగా ఎట్లుంది, భూమిలో నీళ్లన్నీ అదే గుంజుకుంటోంది అన్నాడు. ఆడమనిషి బిందె నెత్తిన పెట్టుకుని రోజూ వాళ్ల ఇళ్ల ముందు నుంచే నడిచిపోయింది. ఆ బిందె ఒక్కడి కంటికీ ఆనలేదు.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో తింటుంటే ఫోను వచ్చింది. ఆ ఊరి పెద్దమనిషి. చుట్టూ జనం గొంతులు. స్పీకరు పెట్టాడని తెలుస్తూనే ఉంది.

“ఏమప్పా, ఆమె కుక్కకు వచ్చింది మనుషులకొచ్చే బొల్లే అని నువ్వు చెప్పినావంట. అవునా కాదా? ఒక్క మాట చెప్పు సాలు.”

ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలియదని చెప్పుకోవచ్చు. తెలుసు. ఆ ఊరి సంగతి, వానల సంగతి, వాడి గొంతు, అన్నీ కలిపి వినబడుతూనే ఉన్నాయి. అవును అన్నాను. దాని వెనక చెప్పాల్సిన మాట ఒకటుంది. బొల్లికీ వానకూ ఏ సంబంధమూ లేదు, ఆ గుంత మీద పార పడితే నేనే పోలీసుల దగ్గరికి పోతాను అన్న మాట. అది గొంతు దాకా వచ్చింది. ఆ ఊళ్లో పశువులన్నీ నేనే చూస్తాను. ఆ పెద్దమనిషికి నా మీద కోపమొస్తే, సూదులేసే ఇంకొకణ్ణి తెచ్చుకోవడానికి అతనికి ఒక పూట పట్టదు. అడిగినదానికి జవాబు చెప్పాను కదా అనుకున్నాను. శాస్త్రమే చెప్పాను కదా అనుకున్నాను. సరేలేప్పా అని అతను ఫోను పెట్టేశాడు. నేను అన్నం తినడం పూర్తిచేశాను కూడా.

తెల్లారాక మనసు ఆగక బండేసుకుని పోయాను. ఆపుదామనే పోయానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. పోయేసరికి పొద్దు బారెడెక్కింది. తప్పెట కొడుతున్నారు. గడ్డపారలు, పారలు, రెండు పాత టైర్లు, డబ్బాలో డీజిలు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఇంటికొక మగవాడు రావాలని చాటింపు వేశారట. ఆమె వలిచిన విత్తనం ఏ ఏటికాయేడు తమ చేలో చల్లుకున్నవాళ్లే అందరూ.

ఆమె వాళ్లకూ గుంతకూ మధ్య నిలబడి ఉంది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మొక్కలు నేను తీసుకుంటాను, అంతదాకా నిలబడుకోండి అంది. వాళ్లు నిలబడ్డారు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మొక్కనూ వేరు తెగకుండా మట్టిగడ్డతో సహా తీసి గంపలో పెట్టుకుంది. ఎంత నెమ్మదిగా చేసిందంటే తప్పెట కొట్టేవాడికి చేతులు నొప్పెట్టి ఆపేశాడు. వేపమొక్క ఒక్కటి రాలేదు. అప్పటికే వేరు లోతుకు దిగింది. దాన్ని అలాగే వదిలేసి, గంప పక్కన పెట్టి లేచింది. పెద్దమనిషి ఎదురుగా పోయి నిలబడింది.

“నాకూ ఉండాది గదప్పా. నేను సస్తే ఏం చేస్తారు? ఇప్పుడే చెప్పండి, ఇనేసి పోతాను.”

“నీ సంగతి అప్పుడు చూస్తాము లేమ్మా,” అన్నాడు ఆయన.

కోపంతో అనలేదు. చాలా శాంతంగా అన్నాడు. ఎరువుల కొట్టులో వరుస వచ్చేదాకా ఆగమన్నట్టు అన్నాడు. ఆమె తిరిగి నా వైపు చూసింది. నేను బండి దగ్గరే ఉన్నాను. హ్యాండిల్ మీద చెయ్యి ఉంది. ఆమె గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

తవ్వితే ఏముంటుంది. చీర పీలికలు, ఎముకలు. టైర్ల మీద వేసి డీజిలు పోశారు. నల్లటి పొగ గుట్ట దాకా లేచింది. అదే మోడమని ఎవడో అన్నాడు, నలుగురు నవ్వారు.

పదకొండో రోజు నాలుగు చినుకులు పడ్డాయి. దుమ్ము అణగడానికి సరిపోయాయి, అంతే. చూసినావా అన్నారు. పైరు అప్పటికే పోయింది. నమ్మకం మాత్రం పండింది.

నెల తర్వాత ఆమె ఇంటికి పోయాను. పోవడానికి నెల పట్టింది నాకు. మజ్జిగ ఇచ్చింది, ఎదురుగా కూర్చుంది. ఈసారి నా గొంతు వైపు చూడలేదు. ఫోనులో ఏం జరిగిందో చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమెకు ముందే తెలుసు. స్పీకరు పెడితే ఊళ్లో ఎవరికి తెలియదు.

“నువ్వు అబద్ధం చెప్పల్యా. నిజం చెప్పేదానికి నీకు బయం ల్యాదు నాయనా. దానెనక మాట చెప్పేదానికే బయం.”

తిట్టినా బాగుండేది. తర్వాత ఖాళీ సీసాలున్నాయా అని అడిగింది. తవ్వి వదిలేసిన గుంతను తనే పూడ్చుకుని, గంపలోని మొక్కలు మళ్లీ అక్కడే పెట్టింది. సగం బతికాయి. లోపల కుక్క లేదు కదా పెద్దమ్మా, ఇంకెందుకు ఇంత కష్టం అన్నాను. వాసన పోతుందా, వాడు పడుకున్న జాగా వాడిదే అంది. ఎడమ పక్క అయిదడుగులు మళ్లీ ఖాళీగానే వదిలింది. ఆ ఊరి సంగతి చెవులారా విన్న తర్వాత కూడా వదిలింది. నన్ను మాత్రం ఇంకోసారి మాట అడగలేదు. అడగకపోవడమే నన్ను తినేసింది.

అందుకే మొన్న ఆ మనిషి బండెక్కి వెళ్లిపోయాక నాకు చేతులాడలేదు. మరుసటి రోజు పొద్దున్నే అనంతపురంలో కొత్త తువ్వాలు ఒకటి కొన్నాను. సరాసరి వంక గట్టుకు పోయాను. సమాధుల వరసకు దూరంగా, తుమ్మచెట్ల అవతల, నల్లటి మచ్చ. వాళ్లకు కాల్చే అలవాటు లేదు కదా, కాల్చాక ఏం చేయాలో కూడా తెలియదు. బూడిదా, ఎముకలూ, టైరు తీగలూ అన్నీ అలాగే వదిలేసి ఇళ్లకు పోయి స్నానాలు చేశారు. మూడు రోజుల నుంచి గాలికి ఎగురుతోంది. చేతులతో ఏరాను. తీగలు వేరు చేశాను. తువ్వాల్లో మూట కట్టుకుని తోటకు నడిచాను. ఆదివారం నుంచి నీళ్లు లేక బంతి వాడిపోయి ఉంది. వేప మాత్రం నా భుజం దాకా ఉంది.

గునపం నేను తెచ్చుకున్నాను. మోకాలి లోతు తవ్వేసరికి చేతులు బొబ్బలెక్కాయి. గొర్రెలవాళ్లు చూసి ఊళ్లో చెప్పినట్టున్నారు, పది పదిహేను మంది వచ్చారు. ముందు ఆ పెద్దమనిషి. కందకు లేని దురద కత్తిపీటకెందుకప్పా అని ఎవడో వెనక నుంచి అన్నాడు. పెద్దమనిషి వాణ్ణి ఆగమని చెయ్యి చూపి, నాతో ఎప్పటి శాంతంతోనే మాట్లాడాడు.

“తెలిసిన మనిషివి. పూడ్చకూడదనే గదా కాల్చింది. మళ్లా తెచ్చి ఈడ పెడితే ఎట్ల? వంకలో కలిపెయ్యి. ఊరికి మంచిది కాదు.”

నేను మూట విప్పి ఆయన ముందు పట్టాను.

“బొల్లి యాడుండాదో చూపించన్నా. చెయ్యి పెట్టి తీసి చూపించు. తీసి నీకిచ్చేసి, మిగిలింది పూడ్చుకుంటాను.”

ఆయన మూటలోకి చూశాడు. మిగిలినవాళ్లూ మెడలు సాచి చూశారు. బూడిద బూడిద రంగులోనే ఉంది. ఆయన చెయ్యి ముందుకు రాలేదు. మా ఊరి పశువుల జోలికి ఇంక రావద్దు అన్నాడు. పశువుల దగ్గరికి రానన్నా, ఈడికి మాత్రం నీళ్లు పోసేదానికి వస్తాను, కాళ్లు విరగ్గొట్టేవాళ్లుంటే ఇప్పుడే విరగ్గొట్టండి అన్నాను. ఎవరూ కదల్లేదు. ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ పదిహేను మందికేనా అనిపించింది.

గుంతలోకి దిగి, మూట అడుగున పెట్టి, చేతులతోనే మట్టి తోశాను. వాళ్లు చూస్తూ నిలబడ్డారు. నేను చెప్పింది పెద్ద మాటేమీ కాదు. రెండేళ్ల కిందట, అన్నం ముందు కూర్చుని, ఫోనులో చెప్పాల్సిన మాట. అప్పుడే చెప్పి ఉంటే ఆమె ఈ మట్టిలోకి మనిషిగా దిగేది.